బతికున్న చేపను పాడైందన్న కెమెరా

2023, వానాకాలం. ఏలూరు పవర్‌పేటలో ఒక మందుల షాపు పైన రెండు గదులు, ఐదుగురు మనుషులు, చినుకు పడితే ఆగిపోయే ఇంటర్నెట్టు. అదీ మా కంపెనీ. మేము చేసే పనిని కంప్యూటర్ విజన్ అంటారు. కెమెరా తీసిన ఫొటోను ప్రోగ్రామే చూసి, మనిషి అక్కర్లేకుండా ఒక తీర్పు చెప్పాలి. కాయ పండిందా, గింజ విరిగిందా, చేప తాజాదా, ఇలాంటివి. ఈ సంగతి చెబితే మా చుట్టాలు "అంటే సీసీ కెమెరాలు బిగిస్తావా?" అని అడుగుతారు. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. ఇప్పుడు అవుననేసి టీ తాగుతాను.

పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మెప్పులూ వచ్చాయి, చీవాట్లూ తిన్నాను. అవన్నీ పక్కనపెట్టి ఆకివీడు చేపల షెడ్డు సంగతి ఒక్కటే రాయడానికి కారణం ఉంది. అందులో తప్పు చేసింది నేను. ఆ తప్పు దాచనని మొండికేసి నిలబడ్డదీ నేనే. ఒకటి చెప్పి రెండోది దాస్తే అది కథ అవుతుంది గానీ అనుభవం కాదు.

షెడ్డు యజమాని సుబ్బారావు గారు. చుట్టుపక్కల చెరువుల్లో పొద్దున్నే పట్టుబడి పడతారు, అంటే వలలు లాగి చేపలు తీస్తారు. ఎండెక్కేలోపు ఆ సరుకు షెడ్డుకొస్తుంది. అక్కడ ఒక్కో చేపనూ చూసి, ఏరి, ప్లాస్టిక్ ట్రేల్లో ఐసు పొరల మధ్య సర్ది లారీ ఎక్కిస్తారు. ఆ లారీ అస్సాం దాకా వెళ్లాలి. ఏరే మనిషి చూపు తప్పితే అక్కడ లారీలోంచి దిగేది చేపలు కాదు, కంపు.

ఆ ఏరే మనిషి పెద్దింట్లమ్మ గారు. కొల్లేటి లంక గ్రామం ఆవిడది. యాభై దాటాయి. బొచ్చె చేప గానీ శీలావతి గానీ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో మొప్ప మీది డొప్పను ఎత్తి చూస్తారు. లోపల మొప్ప ఎర్రగా ఉంటే తాజా చేప. గోధుమరంగుకు తిరిగితే రాత్రిది. పాలిపోతే పక్కకు. ఒక చేపకు ఒక రెప్పపాటు. ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులో లారీ కదలాలంటే ఆ బొటనవేలు ఒప్పుకోవాలి.

ఆ ఏడాది అస్సాం వ్యాపారి ఒకాయన, రెండు లారీల్లో పాడైన సరుకు వచ్చిందని సుబ్బారావు గారికి ఫోన్ చేసి గొడవపెట్టుకున్నాడు. దారిలో ఐసు కరిగిందో, డ్రైవరు ఎక్కడైనా ఆపుకుని నిద్రపోయాడో ఎవరికీ తెలియదు. సుబ్బారావు గారు మాత్రం ఏరడంలోనే తేడా ఉందనుకున్నారు. అప్పుడే మా కంపెనీ యజమాని కిరణ్ గారు ఆయనకు తగిలారు. పెద్దింట్లమ్మ గారు పాస్ చేసిన చేపల్ని మళ్లీ ఒకసారి కెమెరాతో చూడటం మా బేరం. బల్ల మీద చేపను పెట్టి డొప్ప ఎత్తితే చాలు, తెర మీద ఫొటో వస్తుంది, దాని చుట్టూ పచ్చగీత పడితే పాస్, నల్లగీత పడితే రిజెక్ట్.

మొప్ప ఎరుపును కొలిచే ప్రోగ్రాము నేనే రాశాను. షెడ్డులో వెలుతురు పూటపూటకూ మారుతుంది కాబట్టి ఇంత ఎరుపు ఉండాలని గట్టిగా ఒక అంకె పెట్టలేదు. ఆ లాటులోని, అంటే ఒకసారికి ఒక రైతు తెచ్చిన సరుకులోని, మిగతా చేపలతో పోల్చి, ఎరుపు బాగా తక్కువున్న వాటిని తీసేయమన్నాను. ఆఫీసులో వందల ఫొటోలు పెట్టి పరీక్షిస్తే ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఆ వారమంతా నా తల కొంచెం ఎత్తులోనే ఉంది.

మిషన్ పెట్టిన నాలుగో రోజు పొద్దున సుబ్బారావు గారు రమ్మని కబురుపెట్టారు. బస్సెక్కి ఆకివీడులో దిగి షెడ్డుకు వెళ్లేసరికి పని ఆగిపోయి ఉంది. ఐసు కొట్టేవాళ్లు, ట్రేలు మోసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు చెరువు రైతులు, అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. మధ్యలో పెద్దింట్లమ్మ గారు చేతులు తుడుచుకుంటూ ఉన్నారు.

"చూడమ్మా షబానా, నాలుగు రోజుల్నించీ ఈవిడ పాస్ చేసిన ప్రతి లాటులోనూ మీ మిషన్ పాడైనవి పట్టుకుంటోంది. ఇవాళ్టి లాటు ఎవరిదో తెలుసా? ఈవిడ మరిదిది. ఎక్కువ రిజెక్టులు అందులోనే," అన్నారు సుబ్బారావు గారు.

"మా మరిది చేపలండీ, ఇప్పుడే పట్టినవండీ. బాగున్నాయి కాబట్టి పాస్ చేశానండీ," అన్నారావిడ.

సుబ్బారావు గారు రిజెక్ట్ అయిన చేపను ఒకదాన్ని తీసి చూశారు. నిజం చెప్పాలంటే ఆయన ముఖంలో అనుమానం వచ్చింది. "పైకి ఎర్రగానే ఉందే. మిషన్ పొరపాటు పడే అవకాశం ఉందంటావా?" అని నన్నే అడిగారు.

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. తెర చూశాను, ఫొటో చక్కగా, రంగులు సహజంగా ఉన్నాయి. గీతలు సరిగ్గా పడుతున్నాయి. "కంటికి కనపడని తేడా కెమెరాకి కనపడుతుందండీ. పైగా కెమెరాకి చుట్టాలుండరండీ," అన్నాను.

నలుగురూ నవ్వారు. పెద్దింట్లమ్మ గారు నవ్వలేదు. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఒక మనిషిని దొంగ అనడానికి నేను పూనుకోలేదు గానీ, అనేవాళ్లకు మాట అందించాను.

ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. "ఒక్క నిమిషం ఆగండి అమ్మాయిగారూ," అని షెడ్డు వెనక్కి వెళ్లారు. వెనకే ఒక చెరువుంది. దాన్నుంచి అప్పుడే వచ్చిన ట్రేలోంచి ఇంకా తోక కొడుతున్న బొచ్చెను రెండు చేతులా పట్టుకొచ్చారు. ఇంకో మూలనుంచి, నిన్న మధ్యాహ్నం ఎండు చేపలకని పక్కన పడేసిన ఒకదాన్ని తెచ్చారు. ముందు బతికున్నదాన్ని బల్ల మీద అదిమిపెట్టి డొప్ప ఎత్తారు. తెర మీద నల్లగీత. రిజెక్ట్. తర్వాత నిన్నటిదాన్ని పెట్టారు. పాలిపోయిన మొప్ప. పచ్చగీత. పాస్.

షెడ్డంతా గొల్లున నవ్వింది.

"ప్రాణమున్నదాన్ని పాడైందంటోందండీ మీ పెట్టె. రేపు నన్ను చూసినా చచ్చిపోయిందంటదండీ," అన్నారు పెద్దింట్లమ్మ గారు.

నా ముఖం వేడెక్కింది. అప్పుడైనా ఒప్పుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "కదిలే చేప ఫొటో సరిగ్గా రాదండీ. రెండోదాని మీద లైటు పడి మెరుస్తోంది," అన్నాను. సుబ్బారావు గారికి ఆ సాకు సరిపోయింది. మిషన్ మీద మనసు పెట్టుకున్న మనిషాయన. "సంగతి తేలేదాకా నువ్వు ఇంటి దగ్గరే ఉండు పెద్దింట్లూ," అనేశారు.

ఆవిడ చెంగు దులుపుకుని నా ఎదురుగా నిలబడ్డారు. "చదువుకున్నవారు. నేను కాదనలేనండీ. కానీ నా వేలికి చుట్టాలున్నారంటే మాత్రం ఒప్పుకోనండీ," అని వెళ్లిపోయారు.

మర్నాడు ఉదయం ఆఫీసులో కూర్చున్నాను. లైటుదే తప్పని రుజువు చేయాలని, షెడ్డులో మిషన్ కొలిచిన ఫ్రేములను పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఫ్రేమంటే కెమెరా పంపే ఒక్కో బొమ్మ. తెర మీద చూపించిన బొమ్మలు కాదవి, ప్రోగ్రాము లోపల కొలతకు వెళ్లిన బొమ్మలు. మామూలుగా వాటిని మనుషులెవరూ చూడరు. అవి బొమ్మలుగా కాదు, అంకెల పట్టికలుగా ఉంటాయి. ఆ అంకెలను మళ్లీ బొమ్మగా మార్చి మొదటిదాన్ని తెరిచాను.

పెద్దింట్లమ్మ గారి చేయి నీలంగా ఉంది.

చేయి నీలం. చేతికున్న ఎర్రగాజులు నీలం. కింద నీలం ట్రే నారింజరంగు. డొప్ప కింద మొప్ప సిరా ఒలికినట్టు ముదురు నీలం. రెండోది తెరిచాను, మూడోది తెరిచాను. నాలుగు రోజులుగా నా ప్రోగ్రాము చూస్తున్న లోకం ఇదన్నమాట. ఆ లోకంలో ఎంత తాజా చేపైతే అంత నీలం. నేనేమో ఎరుపు తక్కువున్నదాన్ని తీసిపారేయమని దానికి చెప్పాను. అందుకే ప్రతి లాటులోనూ అన్నిటికంటే తాజావాటిని ఏరి మరీ పారేసింది. ఆవిడ తెచ్చిన ఆ పాలిపోయిన చేపకు పచ్చగీత గీసింది.

ఇలా ఎందుకైందో చెప్పడానికి మా అమ్మ మగ్గం దగ్గరికి వెళ్లాలి. మా అమ్మ తంగెళ్లమూడిలో తివాచీలు నేసేది. డిజైను గళ్ల కాగితం మీద ఉంటుంది. ఒక్కో గడికీ ఒక అంకె, ఏ అంకెకు ఏ రంగు ఉన్ని ముడి వేయాలో పక్కన జాబితా. ఆ జాబితాలో ఒకటో నంబరు ఎరుపు, మూడో నంబరు నీలం అనుకోండి. ఇంకో ఊరి కాగితంలో అది తిరగబడి ఒకటి నీలం, మూడు ఎరుపు కావచ్చు. రెండూ తప్పు కాదు. కానీ ఒక ఊరి కాగితం, ఇంకో ఊరి జాబితా కలిపి నేస్తే ప్రతి ముడీ సరిగ్గానే పడుతుంది, పువ్వు ఆకారం చెక్కుచెదరదు, గులాబీ మాత్రం నీలంగా పూస్తుంది.

కంప్యూటర్లో బొమ్మలోని ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి. ఎరుపెంత, ఆకుపచ్చ ఎంత, నీలమెంత అని. లైబ్రరీ అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, మేం తెచ్చి వాడుకుంటాం. పిల్లో అనే లైబ్రరీ ఆ మూడింటినీ ఎరుపుతో మొదలుపెట్టి ఇస్తుంది. కెమెరాతో మాట్లాడే ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ నీలంతో మొదలుపెడుతుంది. అది దాని పాత అలవాటు. ఒకదాన్నుంచి ఇంకోదానికి బొమ్మను అందించేటప్పుడు వరస తిప్పాలి. కోడ్‌లో ఒకే ఒక్క వాక్యం. పనిలో చేరిన మొదటి నెలలో నేర్పుతారు. కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ నేనే నేర్పుతాను.

ఆఫీసులో పరీక్షించిన ఫొటోలన్నీ పిల్లోతో తెరిచినవి. షెడ్డులో బొమ్మలు ఓపెన్‌సీవీ నుంచి వస్తాయి. మరి తెర మీద రంగులు సహజంగా ఎలా కనిపించాయి? అదీ నేను చేసిన పనే.

అంతకు పదిరోజుల ముందు తాడేపల్లిగూడెంలో ఇద్దరు ఉల్లిపాయల వ్యాపారులకు మా మిషన్ చూపించాం. ఉల్లిపాయల సైజు కొలిచి వేరుచేయడం మాత్రమే, రంగుతో పని లేదు. నిజమైన కెమెరాను ప్రోగ్రాముకు తగిలించడం అదే మొదలు. వ్యాపారులు గుమ్మంలోకి వచ్చేస్తున్నారు, తెర మీద ఉల్లిపాయలు నేరేడుపళ్ల రంగులో ఉన్నాయి. కిరణ్ గారు "త్వరగా, త్వరగా" అంటున్నారు. నేను ఆ వరస తిప్పే వాక్యాన్ని తెర మీద బొమ్మ గీసే చోట పెట్టేశాను. ఉల్లిపాయలు ఎర్రబడ్డాయి. వ్యాపారులు మెచ్చుకున్నారు. తర్వాత సరిగ్గా చేద్దామనుకుని మర్చిపోయాను. బొమ్మ లోపలికి వచ్చే గుమ్మం దగ్గర పెట్టాల్సిన వాక్యం అది. కనిపించే చోట సరిచేశాను, కొలిచే చోట వదిలేశాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే.

ముందు షెడ్డుకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా మిషన్ వాడొద్దన్నాను. తర్వాత కిరణ్ గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. అయిదుగురి జీతాలు ఎలా ఇవ్వాలా అన్నది తప్ప ఇంకేమీ ఆలోచించలేని మనిషి.

"సాయంత్రంలోపు సరిచేసి ఇక్కణ్నుంచే అప్‌డేట్ పంపించెయ్. రిపోర్టులో లైటింగ్ ప్రాబ్లమ్ అని రాద్దాం," అన్నారు.

"లైటుది తప్పు కాదు కదండీ."

"లైటేమీ అనుకోదులే షబానా."

"పెద్దింట్లమ్మ గారు అనుకుంటారండీ."

"ఆవిణ్ని మళ్లీ పన్లోకి తీసుకోమని నేనే సుబ్బారావు గారికి చెబుతాను. సరేనా? మన తప్పని కాగితం మీద పెడితే గూడెం వాళ్లిద్దరూ పోతారు. చిన్న ఊళ్లు. ఇక్కడ దగ్గితే అక్కడ వినపడుతుంది."

"అదేనండీ నేనూ అనేది. ఆవిడ దొంగన్న మాట కూడా అలాగే వినపడుతుంది."

"నువ్వన్నావా ఆ మాట?"

"వంత పాడానండీ."

ఆయన పేపర్ వెయిట్ పక్కకు నెట్టారు. "నీ ఇష్టం. వెళ్లి చెబితే మాత్రం ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను," అన్నారు. బెదిరింపో, బాధో తెలియలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి బొమ్మను మార్చడం ఇంత తేలికైనప్పుడు, ఒక అబద్ధాన్ని నిజంలోకి మార్చడానికి ఇన్ని లెక్కలేమిటి?

ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. మోకాళ్ల నొప్పితో మగ్గం మానేసి చాలా ఏళ్లైంది. అంతా విని, "తప్పు పడ్డ వరస ఎక్కడుంటే అక్కడిదాకా విప్పాల్సిందే. పైన రంగు పూస్తే తొక్కినప్పుడు బయటపడుతుంది," అంది. తర్వాత అన్నం పెట్టింది. అంతకు మించి సలహా ఏమీ ఇవ్వలేదు.

మర్నాడు లంక గ్రామానికి ఆటోలో వెళ్లాను. గట్టుకు రెండు పక్కలా చెరువులే, మధ్యలో ఒకే ఒక్క దారి. పెద్దింట్లమ్మ గారు వాకిట్లో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు. నన్ను చూసి లేవలేదు. పీట మాత్రం ముందుకు జరిపారు.

ఫోనులో ఆ నీలం చేయి బొమ్మ చూపించాను. తప్పు మిషన్‌ది కూడా కాదని, నాదని చెప్పాను. ఆవిడ ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇది నా చెయ్యేనాండీ?"

"మీదేనండీ. నా ప్రోగ్రాముకి ఇలా కనపడింది."

"ఇలా కనపడితే మరి దాన్దేం తప్పుందండీ," అన్నారు నెమ్మదిగా. నాకు కన్నీళ్లొచ్చాయి. నా మీద జాలి చూపించని మనిషి నా మిషన్ మీద చూపించింది.

క్షమించమని అడిగాను. ఆవిడ చింతపండు గిన్నె పక్కకు పెట్టారు. "నిన్న పక్క షెడ్డుకెళ్లి పనడిగానండీ. 'నిన్ను మిషన్ పట్టేసిందంట కదా' అన్నారండీ. ఇరవై రెండేళ్లు చేపలు చూశాను, ఇప్పుడు ఊళ్లో అందరూ నన్ను చూస్తున్నారండీ. మా మరిది చేపలు కూడా ఎవరూ అడగట్లేదండీ. మీరు ఇక్కడ నా వాకిట్లో కూర్చుని తప్పైందంటే నాకొక్కదానికే తెలుస్తదండీ. ఆ మాట ఎక్కడ నిలబడి అన్నారో అక్కడే నిలబడి అనండి. క్షమించడం సంగతి తర్వాత చూద్దాం."

"రేపు పొద్దున్న, లాటు దిగే వేళకి. మీరూ రావాలండీ," అన్నాను.

"వస్తాను. పన్లోకి కాదండీ. వినడానికి."

మర్నాడు ఏడింటికి షెడ్డులో ఉన్నాను. అంతకుముందే ప్రోగ్రాములో బొమ్మ లోపలికి వచ్చే చోట ఆ ఒక్క వాక్యం పెట్టేశాను. సుబ్బారావు గారు, ఐసు కొట్టేవాళ్లు, రైతులు, మొన్న నవ్వినవాళ్లందరూ ఉన్నారు. పెద్దింట్లమ్మ గారు ఒక పక్కగా నిలబడ్డారు. జేబులో ఫోను అదేపనిగా వణుకుతోంది. కిరణ్ గారు. తీయలేదు. బల్ల దగ్గర, మొన్న నిలబడ్డ చోటే నిలబడ్డాను.

"నాలుగు రోజులూ మిషన్ తప్పు చెప్పిందండీ. ఎరుపును నీలంగా చూసింది. అది నేను చేసిన పొరపాటు. పెద్దింట్లమ్మ గారు పాస్ చేసిన చేపలు అన్నీ మంచివే. మిషన్ రిజెక్ట్ చేసినవాటిలో చాలావరకు అన్నిటికన్నా తాజావి. కెమెరాకి చుట్టాలుండరని అన్నాను. నాకు గర్వం ఉందండీ, అందుకన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."



సుబ్బారావు గారి ముఖం ఎర్రబడింది. "అంటే ఉన్నవాటిలో మేలైనవన్నీ పారేసి, మిగిలినవి లారీ ఎక్కించామా?"

"అవునండీ."

"ఎంత ధైర్యంగా చెబుతున్నావ్!"

"దాస్తే ఇంకా పారేసేవాళ్లం కదండీ."

ఆయన నన్ను నాలుగు తిట్టారు. పడాల్సినవే, పడ్డాను. కాస్త చల్లారాక పెద్దింట్లమ్మ గారివైపు తిరిగి, "విన్నావుగా, మిషన్ తప్పంట. వచ్చి నీ పని చూసుకో," అన్నారు.

ఆవిడ కదల్లేదు. "మిషన్ తప్పు అమ్మాయిగారు చెప్పారండీ. బాగానే ఉంది. మీ తప్పు మీరే చెప్పాలి కదండీ," అన్నారు.

సుబ్బారావు గారు లుంగీ సర్దుకున్నారు, లారీ వైపు చూశారు, రైతుల వైపు చూశారు. లారీ నిండాలంటే ఆ బొటనవేలు కావాలి. ఆ సంగతి ఆయనకు ఇరవై రెండేళ్లుగా తెలుసు, నాలుగు రోజులు మర్చిపోయారంతే.

"పొరపాటైంది పెద్దింట్లూ. నిన్నలా అనుకోకూడదు," అన్నారు చివరికి, అందరికీ వినపడేలా.

అప్పుడు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు. నేను పక్కకు తప్పుకోబోతే ఆగమన్నారు. చేతి నుంచి ఒక ఎర్రగాజు తీసి నా అరచేతిలో పెట్టారు.

"రోజూ పొద్దున్నే ముందు దీన్ని చూపించండి దానికి. ఇది ఎర్రగా ఉందని అది ఒప్పుకున్నాకే నా చేపల జోలికి రమ్మనండి."

గూడెం వ్యాపారులిద్దరూ వెళ్లిపోయారు. కిరణ్ గారన్నది నిజమే, ఆకివీడులో దగ్గితే గూడెంలో వినపడింది. ఆయన నన్ను తీసేయలేదు గానీ నెలరోజులు ముఖం చూసి మాట్లాడలేదు. మరుసటి ఏడాది నేనే బయటికొచ్చి సొంతంగా చేసుకుంటున్నాను. నిజం చెప్పినందుకు మంచి జరిగిందని చెప్పే కథలు నాకు ఇష్టమే, నాది మాత్రం అలాంటిది కాదు. అయినా ఆ పొద్దున మళ్లీ వస్తే ఆ బల్ల దగ్గరే నిలబడతాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ తెర అందంగా కనిపిస్తోందంటే మీ పని సరిగ్గా ఉన్నట్టు కాదు. కొలత జరిగే చోట ఏముందో తెరిచి చూడండి. మిషన్ చెప్పింది ఒకటి, ఇరవై రెండేళ్ల అనుభవం చెప్పింది ఇంకొకటి అయినప్పుడు, ముందు మిషన్‌నే అనుమానించండి. ఒక మనిషి పేరు పోగొట్టడానికి ఒక్క వాక్యం సరిపోతుంది. ఆ పేరు తిరిగి ఇవ్వడానికి, నలుగురి మధ్యకూ వెళ్లి నిలబడాలి.

మొన్న పెదవేగి దగ్గర ఆయిల్‌పామ్ గెలలు పండాయో లేదో చూసే మిషన్ పెట్టడానికి వెళ్లాను. ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మేనేజరు గారు తెర చూసి మురిసిపోయి, "రంగులు బ్రహ్మాండంగా వచ్చాయండీ, ఇంక మొదలుపెట్టేద్దాం," అన్నారు. నేను సంచీలోంచి ఎర్రగాజు తీసి కెమెరా కింద పెట్టాను.

"అదెందుకండీ? టైమ్ అవుతోంది, రైతులు ఎదురుచూస్తున్నారు," అన్నారాయన.

"ఎదురుచూడనివ్వండి. ముందు ఇది ఎర్రగా ఉందని మిషన్‌ని ఒప్పుకోనివ్వండి," అన్నాను.